శివరాత్రి మర్నాడు

రాత్రంతా జాగారం చేసిన ఊరు
తెల్లారగట్ల సముద్రంలో మునిగి లేచి
ఆటోలెక్కి నిద్రకెళ్ళిపోయింది.
ఇసుక మీద కొబ్బరి చిప్పలు, తెగిన చెప్పులు,
ఎవరో చంటిపిల్లాడి నల్ల మొలతాడు.
నేను స్టేషన్లో డ్యూటీ దిగి
పాత పోస్టాఫీసు వెనక తుక్కు కొట్లో కొన్న యంత్రంతో
ఇప్పుడే వచ్చాను.

పదకొండేళ్ళు ఒకటో నంబరు గేటు దగ్గర
చేతికర్రతో మనుషుల్ని తడిమాను, తాకకుండా.
తాళాల గుత్తులు, చుట్టల డబ్బాలు,
తొడలో రాడ్డుందని గర్వంగా చెప్పే పెద్దాయన,
పాడేరు నుంచొచ్చిన ముసలమ్మ కాళ్ళ కడియాలు.
అన్నిటికీ ఒకటే కూత.
కూశాక ఏం చెయ్యాలో
కర్రకి తెలీదు, నాకే తెలియాలి.

ఇదెలా పనిచేస్తాదని
వేరుసెనగలమ్మే కుర్రాడు అడిగాడు.
కూర్చోబెట్టి చెప్పాను.
ఈ పళ్ళెంలో రాగితీగ చుట్టలు చుట్టలుగా ఉందిరా,
కరెంటు అందులో అటూ ఇటూ పరిగెడుతుంది
సెకనుకి వేలసార్లు మనసు మార్చుకుంటూ.
దానితోపాటే కంటికి కనపడని అయస్కాంతపు ఊపిరొకటి
ఇసుకలోకి దిగుతుంది, వస్తుంది, దిగుతుంది.
కింద లోహమేదైనా ఉంటే
దాని ఒంట్లో చిన్న చిన్న కరెంటు సుడులు లేస్తాయి.
ఆ సుడులు ఊరుకోవు,
వచ్చిన మాటకి ఎదురుమాట పంపుతాయి.
రెండో తీగచుట్ట పనల్లా అది వినడమే.
"అంటే, మనం తిడితే తిరిగి తిట్టినట్టా?"
సరిగ్గా అంతే.
చెక్క పడుంటుంది, గాజు పడుంటుంది, ఏమీ అనవు.

తడి ఇసుక దగ్గర మాత్రం చిక్కు.
ఉప్పునీళ్ళలోనూ కరెంటు నడుస్తుంది కదా,
అల వెనక్కెళ్ళిన ప్రతిసారీ యంత్రం ఉలిక్కిపడి
సముద్రం మొత్తాన్నీ ఒక గిన్నె అనుకుంటుంది.
మొదటిరోజు గంటసేపు తవ్వాను.
చివరికి తేలింది, అరుస్తున్నది నా బూటు మేకుకి.

పొద్దెక్కేసరికి
సోడా మూతలు పదిహేడు, తలపిన్నులు,
రెండు రూపాయి బిళ్ళలు, కప్ప లేని తాళంచెవి.
ఇనుముది బొంగురు గొంతు.
వెండీ రాగీ కీచుమంటాయి.
బంగారం మధ్యలో ఎక్కడో పలుకుతుంది,
ఆ మధ్యగొంతు కోసమే ఇంత నిద్ర చెడగొట్టుకోవడం.

జాలరిపేట రాళ్ళ దగ్గర
గరికిన పైడమ్మ ఎదురొచ్చి నిలబడింది.
"బాబూ, బంగారం గానీ ఎతుకుతన్నావేటి?
నాకొద్దది. మొన్న రాత్రి మావోడి వల రాయికి తగిలి చిరిగిపోనాది,
సీసం గుళ్ళన్నీ ఈడే రాలిపోనాయి.
కిలో ఎంతో తెల్సా నీకు? ఎతికెట్టు."

పలికింది. మధ్యగొంతు.
నా గుండె ఝల్లుమంది, ఆమె చెయ్యి చాపింది.
వేళ్ళతో తోడితే బూడిదరంగు గుండు,
నడుమ తాడు ఒరిసిన గాడి.
మళ్ళీ పలికింది, మళ్ళీ అదే గొంతు, మళ్ళీ సీసం.
ఇరవైమూడు సార్లు నాకు ఆశ పుట్టింది,
ఇరవైమూడు సార్లు ఆమెకి అది తీరింది.
సీసానికీ బంగారానికీ తేడా చెప్పలేదండీ ఇది,
అదే దీని లోపం, అన్నాడు అమ్మేటప్పుడే తుక్కు కొట్టు మస్తాన్.

ఒడి నింపుకుని లేచింది,
బరువుకి కొంగు సాగి మోకాళ్ళు దాటింది.
"ఇంకోటుండాల బాబూ, ఇరవై నాలుగు."
ఎండ ముదిరింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.
పళ్ళేన్ని మళ్ళీ ఇసుక మీదికి దించాను.