మూడో బాధితురాలు

శుక్రవారం డ్యూటీ దిగి
హల్ ఊళ్లో, బెవర్లీ రోడ్డు మీద, కబాబుల కొట్టు పైన గదిలో
గ్యాస్ కార్డులో ఐదు పౌండ్లు నింపుకొచ్చి
నేనూ మారిసెల్లూ ఒకే రగ్గులో దూరాం.
మధ్యలో ఈ ఊరి ఎర్ర మసాలా చల్లిన చిప్స్ పొట్లం.
"దెయ్యాలూ పోలీసులూనట. మన ఉద్యోగం లాగే ఉంటుంది, చూడు" అంది.
ఆసుపత్రి శవాగారంలో పని మాకు. నాలుగేళ్లయింది.

మొదటి పది నిమిషాలూ బాగానే ఉంది, అబద్ధమెందుకు.
వంతెన కింద వాన.
నీళ్లలో దుకాణాల దీపాలు విరిగి, అతుక్కుని, మళ్లీ విరిగి.
చచ్చినవాళ్ల ఆఖరి మాట వినగలిగే డిటెక్టివ్ అట,
చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.
ఏం వింటాడోనని
నా టీ చల్లారిపోయింది.

వాడేమీ వినలేదు.
కోటు కాలరు పైకెత్తుకున్నాడు.
రెండో ఎపిసోడ్లో మళ్లీ ఎత్తుకున్నాడు.
అయిదో దానికి నాకర్థమైంది
వాడి లోపల ఉన్నది కూడా కాలరేనని.

పక్కనొక లేడీ ఇన్‌స్పెక్టరు. పదేళ్ల సర్వీసట.
ఆవిడ పని ఆశ్చర్యపోవడం, లేకపోతే జారిపడ్డం.
ఆవిడ జారకముందే కెమెరా
చేపలు తోమేచోట పిల్లిలా
వెళ్లి కింద కాచుక్కూచుంటుంది.
హత్యకి ఆధారం దొరకలేదంటే
వేడినీటి స్నానాల సీను.
ఆవిరిలో ఏమైనా ఉందేమోనని మారిసెల్ కళ్లు చికిలించి మరీ వెతికింది.
సబ్బుంది.

ఏడులో హంతకుడు ఊడిపడ్డాడు, ఎక్కణ్ణించో.
వాడి చిన్నప్పటి బాధకి మూడు నిమిషాల వయొలిను.
కొండ తవ్వారు, తవ్వారు,
ఎలక కూడా సిగ్గుపడి ముందే వెళ్లిపోయినట్టుంది.

తొమ్మిదో ఎపిసోడ్లో
నదిలోంచి ఒకామెని తీశారు. బ్యాంకులో గుమాస్తా.
పేరు చెప్పలేదు. మూడో బాధితురాలు, అంతే.
కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి కెమెరా
తీరిగ్గా, మెట్లెక్కే ముసలాడిలా ఆగాగి, పైకి పాకింది.
దెయ్యమై లేచాక కూడా పాపం బట్టలు దొరకలేదు ఆమెకి.
డిటెక్టివు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.
ఆఖరి మాట.
"థాంక్యూ" అంది ఆమె, వాడితో.

ఎందుకే తల్లీ!
నేను గట్టిగానే అన్నట్టున్నాను.
కింద కబాబులతను చీపురు కర్రతో పైకప్పు పొడిచాడు.

మంగళవారం హంబర్ నదిలోంచి మా దగ్గరికి ఒకామె వచ్చింది.
నలభై ఉంటాయేమో. జేబులో బస్సు టికెట్టు, తడిసి ముద్ద.
మా దగ్గర ఎక్కడ పనుంటే అంతమేరే దుప్పటి తీస్తాం,
పనవగానే కప్పేస్తాం.
"ఇప్పుడు మీ ఎడమ చెయ్యి ఎత్తుతున్నానండీ" అని
పైకి చెబుతుంది మారిసెల్, ఎవరికైనా.
పేరు తెలిసేదాకా నేను అమ్మా అంటాను, తెలుగులో,
జుట్టులో నాచు తీసేటప్పుడు.
ఆఖరి మాట నాకెప్పుడూ వినపడలేదు.
ఆమె గోరుకి రంగు సగమే ఉంది. మిగతా సగం
ఎప్పుడు వేసుకుందామనుకుందో.

పన్నెండూ అయిపోయాయి.
రెండో భాగం వస్తుందట, కాలరు రెపరెపలాడింది.
మారిసెల్ ఎప్పుడో నిద్రపోయింది, చిప్స్ వేళ్లతోటే.
మీటరు టక్కుమంది. గది చల్లబడుతోంది.

లేచి వెళ్లి పడుకోవచ్చు.
పేర్లు పైకి పోతూనే ఉన్నాయి, నేను చదవలేని లిపిలో,
వందలమందివి.
వీళ్లలో ఆ వాన గీసినవాళ్లెవరో
చేతిపని తెలిసిన మనిషి.
ఏ పేరు పక్కన ఆగాలో తెలీక
అన్నీ చూస్తూ కూర్చున్నాను.