టైటిల్స్‌లో పోయిన మూడక్షరాలు

మద్దిలపాలెంలో బస్సు దిగి
ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్ దాకా నడిచాను.
రిజిస్టరులో అప్పటికి నా పేరు పూర్తిగానే ఉంది:
కోరాడ అప్పలస్వామి, థియేటర్ ఆర్ట్స్, మొదటి సంవత్సరం.
"సదివి ఏటవుతావు?" అన్నాడు గుమస్తా.
"నాటకం" అన్నాను,
అదేదో ఉద్యోగం పేరన్నట్టు.

ఓలేటి సుభాషిణి మేడం ఎర్రపెన్ను
నా మొదటి అంకంలో పదకొండు పేజీలు కొట్టేసి
ఒక్క వాక్యం చుట్టూ సున్నా చుట్టింది.
మా అమ్మ మాట అది:
"ఆకలేస్తే సెప్పుకోడానికి సిగ్గెందుకు, దొంగతనం సేసినావేటి?"
"ఇది నువ్వు విన్నది" అంది మేడం,
"మిగతాదంతా నువ్వు చదివింది."

రూమ్మేటు మైలపల్లి తాతారావు, జాలరిపేట వాడు.
ఓపెన్ ఎయిర్ థియేటర్ ఆఖరి మెట్టు మీద నన్ను కూచోబెట్టి
మైకు లేకుండా డైలాగు విసిరేవాడు.
తెప్పకీ తెప్పకీ మధ్య, అలల మీంచి
వాళ్ల నాన్న కేకేసే గొంతు అది,
క్లాసులో ఎవరూ నేర్పలేదు.
రాత్రిళ్లు బీచ్‌రోడ్డులో ఒకే మూరీ మిక్చరు పొట్లం,
ఇద్దరికీ ఒకే అట్టముక్క చెంచా.
"నువ్వు రాయి, నాను ఆడతాను."
ఒప్పందం అంతే. సంతకాలు లేవు.

తర్వాత కృష్ణానగర్.
ఒక ఘోస్టు రైటరుకి ఘోస్టుగా మూడేళ్లు.
నా సీనుకి ఈలలు పడ్డ హాల్లో
టికెట్టు కొనుక్కుని కూచున్నాను.
పేరు వేస్తామన్న రోజు నిర్మాత కాయితం చూసి
"అప్పల ఎందుకండీ, కామెడీగా ఉంది" అన్నాడు.
తెర మీద 'కె. స్వామి' అని పడింది, రెండు సెకన్లు.
"మా అప్పల పేరెప్పుడొస్తాది?" అని అమ్మ
సినిమా అయిపోయేదాకా పక్కవాళ్లని అడుగుతూనే ఉందట.

ఆపైన టీవీ.
వెయ్యీ నూట అరవై ఎపిసోడ్లు.
పాయసం గిన్నెలో విషం కలిపినవాణ్ణి నేనే,
శుక్రవారం దాకా ఎవరూ తాగకుండా ఆపినవాణ్ణీ నేనే.
అత్తగారు ఉలిక్కిపడితే మూడు కోణాలు, మూడు ఉరుములు.
ఆ ఇంటి గేటు దగ్గర ఒక వాచ్‌మన్.
"మీ వైజాగ్ యాస పెట్టండి, నవ్వొస్తుంది" అన్నారు ఛానెల్ వాళ్లు.
పెట్టాను.
ఏటి బాబూ, ఎల్లిపోనాది, సెప్పీసినాను,
అమ్మ నోట్లోంచి ఒక్కో మాటా తీసి
రోజుకింతని అమ్ముకున్నాను.
రేటింగు పెరిగింది. అబద్ధమెందుకు, ఇల్లు కొన్నాను.

నిరుడు అవుట్‌డోర్‌కి మళ్లీ యూనివర్సిటీకే.
మా డిపార్ట్‌మెంటు మెట్లు కథలో హైదరాబాదు కాలేజీ.
బోర్డు మీద ఆర్టు వాళ్లు వేరే పేరు అతికించారు.
తాడు అవతల జనంలో,
పోర్టులో క్రేనుకి సిగ్నళ్లిచ్చే డ్యూటీ దిగి,
హెల్మెట్ చంకలో పెట్టుకుని, తాతారావు.
టీ తాగాం. ఒప్పందం ఊసెత్తలేదు వాడు.
"నీ సీరియల్ మా ఇంటిల్లిపాదీ సూస్తామురా.
ఒక్కటడగనా?
మనలాగ మాటాడీవోడు
ఎప్పుడైనా లోపలికెల్లి ఆ సోఫాలో కూకుంటాడేటి?"
నవ్వుతూనే అడిగాడు.
నేను ఖాళీ గ్లాసు మళ్లీ తాగాను.

ఆ రాత్రి వాచ్‌మన్‌కి ఒక సీను రాశాను.
కాలేజీ మెట్ల మీద చిన్నమ్మగారి పక్కన కూచుని
మా అమ్మ వాక్యం చెబుతాడు.
ఏళ్లుగా నవ్వించిన ఆ నటుడు
నవ్వించకుండా పలకడం ఎలాగో తెలీక రెండు టేకులు తిన్నాడు.
మూడోదానికి లైట్‌బాయ్ ఒకడు తల తిప్పుకున్నాడు.

హైదరాబాదులో సౌండ్ ఇంజనీరు బటన్ నొక్కి ఆపాడు.
"కథ ఇక్కడ కదా సార్, వెనకాల ఆ హోరేంటి?
మళ్లీ డబ్బింగ్ చెప్పించేద్దాం."
వద్దన్నాను. పదహారేళ్లలో వద్దన్నది అదొక్కటే.
ఛానెల్ సగానికి కోసింది.
సోమవారానికి వాచ్‌మన్ మళ్లీ గేటు దగ్గరే.

ఆ సీను పడ్డ రాత్రే తాతారావు ఫోను.
చాలాసేపు ఏమీ అనలేదు.
ఆ తర్వాత మైకు అక్కర్లేని ఆ గొంతుతో:
"అయిదరాబాదుకి సముద్రం ఎప్పుడొచ్చీసినాదిరా,
అప్పలా?"