తవ్వకు

మూడున్నరకే బడి దీపాలు వేశారు.
కొండ కింద వేల్స్ వాన,
రబ్బరు బూట్లు ఏడు జతలు, పార ఒక్కటే.

"ముక్కు పైకి, మడమ కిందికి"
ప్రాసర్ మాస్టారు ఎన్నిసార్లని చెబుతారు!
నవంబరు బురదలో వెల్లుల్లి రెబ్బలు
వంకరటింకర వరసల్లో నిద్రకెళ్ళాయి.

వారం తిరక్కుండానే మాక్సెన్ ఒకదాన్ని పైకి తీశాడు.
పై వారం ఇంకొకదాన్ని.
"బతికే ఉంది" అని మట్టి ఊది చూపించి
మళ్ళీ కప్పెట్టాడు.

జనవరికి మడి బిగుసుకుపోయి
పార తగిలితే ఖంగుమంది.
ఇక పనేముంది, షెడ్డులో
మంచునీళ్ళలో కుండీలు తోమడం,
ఎర్రబడ్డ వేళ్ళు చంకల్లో దాచుకోవడం,
పేర్ల చీటీలు రాయడం.
నెస్ట్ బఠానీ అని రాసింది, బొమ్మతో సహా.
మాక్సెన్ చీటీ మీద మొక్క పేరే లేదు:
"ఒరేయ్ మాక్సెన్, తవ్వకు."

గుచ్చబోతే మట్టి లోపలికి రానివ్వలేదు.
జేబులో వేసుకుని
చీకట్లో బస్సెక్కాడు.