తరుగు

రాత్రి పదకొండున్నర. నరసన్నపేట ఆస్పత్రి.
సింహాద్రాచారి బెంచీ మీద ఒరిగి
"గేసమ్మా, గేసే" అంటన్నాడు.
రెండు గోలీసోడాలు తాగొచ్చేడట.
చొక్కా మాత్రం
కాలవలో ముంచి తీసినట్టుంది.

ఈసీజీలో తేడా ఏమీ కనపడలేదు.
పొద్దుటిదాకా చూద్దామన్నారు డాక్టరుగారు.

నా బల్ల సొరుగులో
పరీక్షకిచ్చిన పట్టీలు నలభై.
వాటితో వచ్చిన కాగితంలో ఉంది:
ఫలితం రాసుకోండి. రోగికి చెప్పకండి.
దీన్నిబట్టి వైద్యం చేయకండి.
కింద సంతకం నాదే.

వేలి కొసన ఒక్క చుక్క.
నలభై ఏళ్ళు పట్టకారు పట్టిన వేలు,
సూది దిగనివ్వడానికే మొరాయించింది.

"ఏటుందమ్మా ఆ ముక్కలో?"
బంగారం, అన్నాను.
నవ్వేడు. నవ్వుతూనే ఎడమ భుజం పట్టుకున్నాడు.
"మరి పచ్చగా లేదేటి?"

ఎలా చెప్పను,
పొడి చేసి, ఆ పొడిని మళ్ళీ పొడి చేసి
మీ త్రాసుకి అందని చోటికి తీసుకుపోతే
బంగారం ఎర్రబడుతుందని,
గురివింద గింజతో తూచిన సరుకే
చివరికి గురివింద రంగు తేలుతుందని.

గుండె కూడా మీ కొట్టులాంటిదే ఆచారిగారూ.
సుత్తి ఆగదు.
ఎక్కడో కండ చిట్లితే
నెత్తుట్లోకి రజను రాలుతుంది.
మీ కొట్టు ఊడ్చిన మట్టి కొనుక్కెళ్ళి
గట్టున కూర్చుని కడుగుతారు చూడండి
ఒక్క మెరుపు కోసం,
ఈ పట్టీ పనీ అదే.
ఆ రజను పేరు ట్రోపోనిన్.

పదిహేను నిమిషాలు.
మొదటి గీత వచ్చింది. అది ఎవరికైనా వచ్చేదే.
రెండో చోట తెల్లగా ఉంది.
తెల్లగానే ఉంది.
ట్యూబులైటు కిందకి జరిపి చూశాను.
దోమ కుట్టిన చోటులా
సన్నగా, ఎర్రగా.

కాగితం మడిచి సొరుగులో పెట్టేశాను.
"సార్, తర్వాత తిట్టండి. ముందిది చూడండి."
ముందే తిట్టారు. తర్వాత చూశారు.
ఈసీజీ మళ్ళీ తీయించారు.
ఈసారి అదీ దాచలేదు.

నూటెనిమిది వచ్చేసరికి పన్నెండుంపావు.
శ్రీకాకుళం రోడ్డు నిండా ఒడిశా లారీలు.
స్ట్రెచరెక్కిస్తుంటే నా చెయ్యి వదల్లేదు.
"ఎంత బంగారముంటాదమ్మా అందులో?"
మీ గురివింద గింజలో వెయ్యో వంతు కూడా ఉండదు.
"మరి తరుగెంత తీసేరు?"

తలుపు పడింది.

రిజిస్టరులో ఏడో పట్టీ ఎదుట
రోగికి చెప్పారా, అని ఒక గడి.
బంగారమని చెప్పాను,
అని రాశాను.