మచ్చల కుక్క

గురువారం. థండర్ బే మీదికి సరస్సు గాలి
రిత్వా వంటింటి కిటికీని పట్టుకుని ఊపుతోంది.
బల్ల మీద ఏలకుల రొట్టె,
పక్కన సీసా నిండా రాగి సెంట్లు.
ప్రభుత్వం చెల్లవు పొమ్మన్న నాణేలు
మా అయిదుగురి మధ్య ఇంకా చెల్లుతున్నాయి.

పంచేవాడిదే ఆట అని ఈ ఇంటి శాసనం.
ఇవాళ పంచేది నో బ్యోంగ్‌చోల్.
ముప్పయ్యేళ్లు ఓడల పొట్టలకు అతుకులేసిన చేతులతో
కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చించి, అట్ట మీద నియమాలు రాసుకొచ్చాడు.
"బడుగి" అని పైన పెద్దగా.

నాలుగే ముక్కలు. మూడుసార్లు మార్చుకోవచ్చు.
నాలుగింటికీ నాలుగు గుర్తులుండాలి,
ఏ అంకే రెండోసారి రాకూడదు.
ఎంత చిన్నవైతే అంత గొప్ప,
ఆసు అన్నిటికంటే చిన్నది.
"అంటే ఓడిపోవడమే గెలవడమా?" అన్నాడు లియోనెల్.
నో కాసేపు ఆలోచించాడు.
"కాదు. ఓడిపోతే ఇక్కడా ఓడిపోయినట్టే."

మొదటి పంపకంలోనే నాకు ఇద్దరు రాజులు.
నా మొహం చూసి "అయ్యో పాపం" అంది రిత్వా.
జంట పడితే ఒకటి లెక్కలోకి రాదు.
నలభయ్యేళ్లుగా జంట కనబడగానే
గుండె ఒక మెట్టు ఎక్కడం నేర్చుకుంది,
ఇప్పుడు దిగమంటే ఎలా దిగుతుంది?
ఒక రాజును పారేశాను.
రెండోవాడు ఏమనుకుంటాడోనని
చాలాసేపు పట్టుకునే ఉన్నాను.

బడుగి అంటే నలుపూ తెలుపూ మచ్చల కుక్కట.
చిన్నప్పుడు తోంగ్యోంగ్ రేవులో
చేపతలల కోసం తన వెనకే తిరిగేదట ఒకటి.
"అయితే ఆట అక్కడే నేర్చుకున్నావా?" డోరీన్ అడిగింది.
లేదట. ఇక్కడే, ధాన్యం గోదాముల సమ్మెలో,
ఎడ్మంటన్ లారీవాడొకడు నేర్పాడట,
దానికి మూడు వారాల జీతం ఫీజు.

పదిన్నరకి అనుకుంటా, చివరి మార్పు అయ్యాక
నా చేతిలో ఇస్పేటు రెండు, ఆటీను అయిదు,
కళావరు ఆరు, డైమన్ తొమ్మిది.
జంట లేదు. వరస లేదు.
ఒక ముక్క ఇంకో ముక్క మొహం చూడటం లేదు.
చెత్త, అన్నాయి నా పాత కళ్లు.
బోర్లా పడేశాను.
డోరీన్ మూడంటే మూడు ముక్కల బలంతో
సెంట్లన్నీ ఒళ్లోకి ఊడ్చుకుంది.

పారేసిన ముక్కలు తిరగేయకూడదు.
అట్ట మీద రాయకపోయినా అందరికీ తెలుసు.
నో తిరగేశాడు.
నాలుగింటినీ వరసగా పేర్చి
నా వైపు చూడకుండా
రొట్టె ఇంకో ముక్క కోసుకున్నాడు.
ఎవరూ నవ్వలేదు. లియోనెల్ ఒక్కడే
చాలా ఆలస్యంగా, నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

వచ్చేవారం పంచేది నేను.
అట్ట అడిగి తెచ్చుకున్నాను,
మంచులో తడవకుండా కోటు లోపల పెట్టుకుని.
ఇంటికొచ్చి వంటింటి దీపం కింద చదివాను.
చదివిందే మళ్లీ చదివాను.
వెనక్కి తిప్పితే పిల్లల బొమ్మ:
కుందేలుకు క్యారెట్ దారి చూపించండి.
రెండు గంటలైంది.
పెన్ను వెతికి దారి గీశాను.
రెండుసార్లు గోడకు కొట్టుకుంది కుందేలు.