ఇరవైకి ఒకటి తక్కువ

సుబేదారిల మా డీటీపీ షాపుకు
నాయక్ ఓదెలు వచ్చుడు ఇది ఐదోసారి.
ప్లాస్టిక్ సంచిల డిశ్చార్జి పుస్తకం,
మెడికల్ బోర్డు కాగితం.
మడతల కాడ చినిగితే
సారమ్మ అన్నం మెతుకుతోని అతికించింది.

నేను అడిగేది నోట్‌బుక్కు మీద రాస్త.
ఆయన చదివి గట్టిగ జవాబు చెప్తడు,
జిరాక్సు కోసం నిలబడ్డోళ్లు ఇటు తిరుగుతరు.

పదిహేడేండ్లు ఫిరంగి పక్కన నిలబడ్డడు.
చెవులల్ల దూది, అదీ దొరికిన నాడు.
బోర్డు రాసింది:
"సేవ వలన కలిగినది కాదు.
సేవ వలన పెరిగినదీ కాదు."
మరి ఎక్కడిదీ చెవుడు?
పరకాల పత్తిచేన్లల్ల ఫిరంగులు మొలిచినయా?

కింద శాతం: పందొమ్మిది.
ఇరవై అయితే పింఛను.
సారమ్మ పిలుపు వినపడదు,
కుక్కరు విజిలు వినపడదు,
మొన్న ములుగు రోడ్డు మీద
లారీ హారను వినపడక ఎంట్రుకవాసిల బతికిండు.
ఇండ్ల ఏది ఆ తక్కువైన ఒక్కటి?

మొదటి అప్పీలుకు: గాయం రిపోర్టు జతపరచలేదు.
రెండోదానికి: గడువు దాటినది.
మూడోదానికి మొదటి జవాబే, తారీఖు మారింది.
నాలుగోది పోయిన కాడ్నే ఉన్నది.
గాయమంటే ఒకనాడు అయితది, రాస్తరు.
బియ్యం సంచికి చిల్లి పడ్డట్టు
రోజింత కారిపోయినదానికి
ఏ తారీఖు వెయ్యాలె?

సైన్యంల చేరిన నాడు
హన్మకొండ స్టేడియంల
వీపు తిప్పి నిలబెట్టి
ఆరు మీటర్ల దూరం నుంచి డాక్టరు
గుసగుసగ ఒక అంకె చెప్పిండట.
"అరవై నాలుగు అన్న. ఫిట్ అని రాసిండ్రు.
అది రాయి తమ్మీ."
ప్రతిసారి రాయమంటడు, ప్రతిసారి రాస్త.
ఆ పేరాకు ఇప్పటిదాంక జవాబు రాలె.

ఇయ్యాల ప్రింటు వస్తుంటే
గోడ మీది క్యాలెండరు దిక్కు చూస్తున్నడు.
నాకేం బుద్ధి పుట్టిందో
వెనుక నిలబడి మెల్లగ అన్న:
ఇరవై.
క్యాలెండరే చూస్తున్నడు.
ఇంకొంచెం గట్టిగ: ఇరవై.
జిరాక్సు పోరడు తలెత్తిండు.

సిగ్గనిపించి ముందుకొచ్చిన.
సంతకం పెట్టే జాగల వేలు పెట్టి చూపెట్టిన.
పెట్టిండు, ర్యాంకుతోని సహా.
జేబుల చెయ్యి పెట్టి
"ఎంతైంది?" అన్నడు,
రోడ్డు అవతలికి వినపడేటట్టు.