ఖాళీ జాగా

చిత్తూరులో మా వారపత్రిక ఆరు పేజీలు.
వార్తలన్నీ సర్దుకున్నాక
అడుగున మిగిలే మూడు వేళ్ల ఖాళీ నాది.
పోపులో ఆవాలు ఎందుకు చిటపటమంటాయి,
బిగుసుకున్న జిప్పుకి కొవ్వొత్తి ఎట్లా రుద్దాలి,
చక్కెర డబ్బాలో ఎన్ని లవంగాలు వేస్తే చీమలు అలుగుతాయి.
ఇరవై రెండేళ్లుగా
ఈ జిల్లాలో చీమల మీద నా అంత రాసినవాడు లేడు.

పోయిన నెల ఆ జాగాలోకి ఇస్త్రీ వచ్చింది.
పోర్చుగీసు మాటంటారు. సాగదీయడమని అర్థమట.
మేస్త్రీ, బాల్చీ, తువాలు, అల్మారా
ఒకే రేవులో దిగిన చుట్టాలు.
బదులుగా ఇటునుంచి గంజి ఓడెక్కింది.
ఎక్కించింది తమిళులే,
అయినా చిత్తూరుకి తమిళం పక్కవీధే కదా!
అది దొరల కంచంలో కాంజీ అయి కూర్చుంది.
గంజీ ఇస్త్రీ నడిసముద్రంలో
ఎదురుపడి ఉంటాయా, పలకరించుకుని ఉంటాయా
అని కూడా రాశాను.
జాగా చాలక ఆ వాక్యం నేనే కొట్టేశాను.

సంతపేట మలుపులో మొగిలమ్మ బండి.
నా చొక్కాలు చుట్టిచ్చిన కాగితం మా పత్రికే.
"ఏం సామీ, ఇస్త్రీ యాడిదో దీంట్లో రాసుండారు, సూసినావా?"
చూడలేదన్నాను.
"ఓడలో వచ్చిందంట. మాయత్త వేరే చెప్పింది.
ఇస్త్రీ అంటే ఆడదే గదప్పా.
కడుపులో నిప్పులు పెట్టుకోని
ఊరోళ్ల ముడతలు సాపు చేస్తాది."
ఏ నిఘంటువులోనూ దీనికి ఆధారం లేదు.
ఆ పూట నిఘంటువే
కొంచెం నలిగినట్టు కనబడింది నాకు.

బండి మేకుకి ఇంకో ముక్క గుచ్చి ఉంది.
రెండేళ్ల నాటిది. అదీ నాదే.
*తుప్పు మరకల మీద బ్లీచింగ్ పొడి చల్లి
రాత్రంతా వదిలేయండి.*

ఆ రోజు గుర్తుంది.
అచ్చుకి పోయే ముందు
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ప్రకటన ఊడిపడింది.
రెండు చిట్కాలు కోసి ఒకటి అతికించాను.
తల తుప్పుది, మొండెం మోరీది.

"ఇది నమ్మి ప్లీడరు తెల్లచొక్కా నాశనం చేసినా సామీ.
మరక ముదిరిపాయె, గుడ్డ పిగిలిపాయె.
ఆరునూర్లు కట్టినా.
రాసినోడు కనబడితే
ఈ పెట్టెతోనే వాని వీపు సాపు చేస్తా."
నవ్వింది. నేనూ నవ్వాను.
కాలరు దగ్గర ఎందుకో బిగుసుకుంది.

"మరి తుప్పుకేం చేయాల?"
"నిమ్మకాయ, ఉప్పు, ఎండ. అంతే.
పసుపు మరకైతే అదీ వద్దు,
ఉతికి ఎండలో పారేయ్.
పసుపుకి సూర్యుడంటే సిగ్గు, మొగం దాచుకుంటాది."

ఈ వారం అడుగున నాలుగు వేళ్లు మిగిలింది.
'సవరణ' అని మొదలుపెట్టాను.
ఎడిటర్ చలమారెడ్డి తొంగిచూసి
"సవరణలు ఎవరు చదువుతారయ్యా,
చీమల మీద ఏదన్నా వెయ్యి" అన్నాడు.
నిమ్మకాయ, ఉప్పు, ఎండ.
కింద, చెప్పినవారు: మొగిలమ్మ, సంతపేట.
సవరణ అన్న మాట పట్టలేదు.
పట్టలేదనే అనుకుందాం.

అచ్చయిన రోజు
ఆరు వందలు ఒక కవరులో పెట్టి
మరిచిపోయినట్టు చొక్కా జేబులో ఉంచి
బండి మీద వేసి వచ్చాను.
సాయంత్రం చొక్కా మడతతో తిరిగొచ్చింది.
జేబులో కవరు అట్లాగే ఉంది, నోట్లూ లెక్కకి సరిపోయాయి.
కవరుకి కూడా
ఇస్త్రీ చేసి ఉంది.